ఈసీఎం అయిపోయింది, ఇగ ఏ దిక్కు పోవాలె?

కోయిల్‌సాగర్_పోరడు
అన్నలకు అక్కలకు నమస్తే. నాది దేవరకద్ర దగ్గర ఊరు, బీటెక్ ఈసీఎం, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్ ఇంజినీరింగ్, 2025ల అయిపోయింది. 6.9 సీజీపీఏ, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ మూడుసార్లు రాస్తే గట్టెక్కింది, ఇప్పుడైతే బ్యాక్‌లాగ్ ఏం లేదు. ఊర్ల అడిగెటోళ్లకు ఈ బ్రాంచ్ ఏందో సమజ్ చేసుడే పెద్ద పని, ఈసీఈనా అంటే కాదు, సీఎస్ఈనా అంటే కాదు, మా నాయిన అయితే అందరికి కంప్యూటర్ ఇంజినీర్ అని చెప్పుకుంటడు, ఎవరి ఫోన్ ఖరాబైనా తెచ్చి నా ముంగట పెడ్తరు.

ఇప్పుడు సంగతేందంటే ఒక్కొక్కరు ఒక్కో దిక్కు గుంజుతున్నరు. అమీర్‌పేటల ఉన్న సోపతిగాడు ఆడి కోచింగ్ సెంటర్ల లక్షా ఇరవై వేలు కట్టు, ఫుల్ స్టాక్ నేర్పి మూడేండ్ల ఎక్స్‌పీరియెన్స్ లెటర్ కూడ వాళ్లే ఇప్పిస్తరు అంటడు. మా పెద్దమ్మ కొడుకు చిప్పులకు మస్తు డిమాండ్ ఉన్నది వీఎల్‌ఎస్‌ఐ, అంటే చిప్ డిజైన్ కోర్సు, చెయ్ అంటడు. మా మేనమామ సర్కారు కొలువు దప్ప ఇంకోటి కొలువే కాదంటడు. నాకేమో ఏది రాదు ఏది పూర్తిగ రాకుండ లేదు, సి కొంచెం, జావా కొంచెం, 8051 మైక్రోకంట్రోలర్ కొంచెం. దీనికి తోడు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజోళ్లు సర్టిఫికెట్లు ఆపిండ్రు. ఇద్దరు చెల్లెండ్లు ఉన్నరు, ఒక్క బోరు మీద మూడెకరాలు. తప్పు దారి పట్టెంత టైమ్ లేదు, జర నిజం చెప్పుండ్రి.

అచ్చంపేట_అడవి
ఫోన్ రిపేర్ షాపు పెట్టు తమ్మీ. గిరాకీ ఇంటికే వస్తున్నది గదా.

నల్లగొండ_గడియారం
ముందుగాల ఆ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ సంగతి తెంపేద్దాం, మిగిలినయ్ తర్వాత. నాది ఈసీఈనే, జావా మీద తొమ్మిదేండ్లుగా పనిచేస్తున్న. అమీర్‌పేటల ఉన్నప్పుడు నా రూమ్మేట్ గిట్లనే మూడేండ్ల కాయితం పెట్టించుకొని ఒక కంపెనీల జాయినైండు, ఆర్నెల్లు దర్జాగ ఉన్నడు, ఏడో నెలల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషనోళ్లు పీఎఫ్ పాస్‌బుక్ అడిగిండ్రు, యూఏఎన్, అంటే పీఎఫ్ నంబర్, తీసి చూస్తే పాత కంపెనీ పేరు యాడ లేదు, ఒక్క నెల జమ లేదు. పొద్దుగాల పదకొండింటికి ల్యాప్‌టాప్ తీసుకున్నరు. మధ్యాహ్నం మెస్సుల నా పక్కనే కూసొని పప్పు కలుపుకుంటనే ఉన్నడు, ముద్ద నోట్లకు పోలే. పైసలు పోవుడు ఒక ఎత్తు, ఆ తర్వాత నిజంగ చేసిన ఆర్నెల్ల పనిని గూడ ఎవడు నమ్మలే, అది ఇంకో ఎత్తు.

ఇగ సాఫ్ట్‌వేర్ సంగతి. సర్వీస్ కంపెనీలు బ్రాంచ్ చూడయ్, ఈసీఎం అయినా మెకానికల్ అయినా పరీక్ష ఒక్కటే. కని ఇదివరకు లెక్క వందల మందిని బస్సుల నింపుకొని పోయే కాలం కాదు. ఫుల్ స్టాక్ అని ఆరు పేర్లు రెజ్యూమెల రాసుకునుడు కంటె ఒక్క భాష, డేటా స్ట్రక్చర్లు, ఎస్‌క్యూఎల్ గట్టిగ పట్టు. ఇంటర్వ్యూల రెండు టేబుళ్లు కలిపే జాయిన్ క్వెరీ రాయమంటే రెక్కలు ఇరిగిన పిట్టలెక్క చూసెటోళ్లే ఎక్కువ. ఇయన్ని లక్షా ఇరవై వేలకు కాదు, ఐఐటీలోళ్ల ఆన్‌లైన్ పాఠాలు ఎన్‌పీటెల్‌ల ఉత్తగనే దొరుకుతయ్.

సాగర్_ఎడమకాల్వ
మిర్యాలగూడ నాది. హైదరాబాద్‌ల చిప్ వెరిఫికేషన్ జేస్తున్న, ఎనిమిదేండ్లు. మీ పెద్దమ్మ కొడుకు చెప్పింది తప్పు కాదు, కని సగమే చెప్పిండు.

2021 డిసెంబర్ల కేంద్రం 76 వేల కోట్లతోని సెమీకండక్టర్ మిషన్ పెట్టినప్పటి నుంచి ప్రతి ట్రైనింగ్ సెంటర్ బోర్డు మీద అదే ఫొటో. ఆ పైసలతోని వచ్చే ఫ్యాక్టరీలల్ల పెద్దయి గుజరాత్‌ల సాణంద్, ధోలేరా, అస్సాంల జాగీరోడ్. అవి తయారీ, ప్యాకేజింగ్ పని. హైదరాబాద్‌ల ఉన్నది డిజైన్ పని, క్వాల్‌కమ్, ఏఎమ్‌డీ, మైక్రాన్ అసుంటోళ్లది, ఇది మిషన్ రాకముందు నుంచే ఉన్నది. రెండిటిని కలిపి ఒక్కటే అని అమ్ముతున్నరు.

వీఎల్‌ఎస్‌ఐ అంటే ఒక్క ఉద్యోగం కాదు. ఆర్‌టీఎల్, అంటే చిప్ లాజిక్ కోడ్, రాసెటోళ్లు వేరు, రాసింది సరిగ నడుస్తదా అని చెక్ చేసే వెరిఫికేషన్ వేరు, దాన్ని సిలికాన్ మీద పరిచే ఫిజికల్ డిజైన్ వేరు, తయారైనంక టెస్ట్ చేసెటందుకు లోపల ఏర్పాటు చేసే డీఎఫ్‌టీ వేరు. మనుషులు ఎక్కువ కావాల్సింది వెరిఫికేషన్‌కే. నీ అసుంటోనికి సి వచ్చు, డిజిటల్ తెలుసు, అంటే సిస్టమ్ వెరిలాగ్ అనే భాష, తర్వాత యూవీఎమ్ అనే వెరిఫికేషన్ పద్ధతి పట్టుకోవచ్చు. కని పెద్ద కంపెనీలు ఫ్రెషర్లను ఎక్కువ ఎమ్‌టెక్ క్యాంపస్‌ల నుంచి, ఇంటర్న్‌షిప్‌ల నుంచి తీసుకుంటయ్. బయట కోర్సు చేసినోళ్లకు మొదలు దొరికేది చిన్న సర్వీస్ కంపెనీలనే, అక్కడ రెండేండ్లు ఓపిక పట్టాలె.

పైసలు కట్టకముందు ఒక పని చెయ్. చిప్ కోడ్ నడిపి చూసే సాఫ్ట్‌వేర్లు ఇకారస్ వెరిలాగ్, జీటీకేవేవ్ రెండు ఫ్రీ, పాత ల్యాప్‌టాప్‌ల గూడ నడుస్తయ్. ఎనిమిది అరలున్న ఒక ఫిఫో, అంటే ముందు వచ్చింది ముందు పోయే వరుస, రాయి. నింపు. నిండినంక తొమ్మిదోది రాస్తే ఏమైతదో వేవ్‌ఫామ్‌ల చూడు. ఖాళీగ ఉన్నప్పుడు చదివితే ఏమొస్తదో చూడు. ఒకే క్లాక్‌ల రాసుడు చదువుడు రెండు జరిగితే కౌంటర్ ఎటు పోతదో చూడు. ఇగ రాత్రి రెండింటికి ఆ గీతలు చూసుకుంట నీకు నిద్ర రాకపోతే ఈ లైన్ నీదే, ఆవులింతలొస్తే కోర్సు ఫీజు మిగిలినట్టే. నేను ఇంటర్వ్యూలల్ల ఫ్రెషర్లను అడిగేది గూడ గదే ఫిఫో.

కోయిల్‌సాగర్_పోరడు
అన్నా ఫిఫో డెప్త్ ఎనిమిది అంటే ఏ అరల రాయాలె, చదవాలె అని చూపే పాయింటర్ మూడు బిట్లా నాలుగు బిట్లా?

సాగర్_ఎడమకాల్వ
ఈ ప్రశ్న వచ్చిందంటే సగం పాసైనవ్. అడ్రస్‌కు మూడు చాలు. కని మూడే పెడితే నిండిందా ఖాళీనా రెండు ఒక్క తీరుగనే కనవడ్తయ్, రెండు పాయింటర్లు ఒక్క దగ్గరికే వస్తయ్ గదా. అందుకే ఒక బిట్ ఎక్కువ పెడ్తం. రాసి చూడు.

పిల్లలమర్రి_నీడ
నేను ఉమ్మడి పాలమూరు జిల్లాలోనే ఒక కాలేజీలో పాఠం చెప్తాను, ఈసీఎం పిల్లలకు కూడా చెప్పాను. ఒక విషయం ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. మీ డిగ్రీ మీద ఉన్న బ్రాంచ్ పేరు సర్కారు నోటిఫికేషన్ల దగ్గర మాత్రం చూసుకోవాలి. కొన్నింట్లో ఈసీఈ లేదా దానికి సమానమైనది అని ఉంటుంది, కొన్నింట్లో బ్రాంచ్‌ల పేర్లు ఒక్కొక్కటీ రాసేస్తారు, అందులో ఈసీఎం లేకపోతే వెరిఫికేషన్ రోజు గొడవ. పరీక్ష రాసి, మెరిట్‌లో వచ్చి, కాయితాల దగ్గర ఆగిపోయిన పిల్లవాడిని చూశాను. కాబట్టి ఫీజు కట్టేముందు అర్హత ఉన్న పేరా రెండుసార్లు చదవండి, అనుమానం ఉంటే మీ యూనివర్సిటీ నుంచి ఈక్వివలెన్స్ లెటర్ ముందే తెచ్చుకోండి, ఎంపికైన తర్వాత పరుగెత్తితే దొరకదు.

ఎమ్‌టెక్ ఎంట్రన్స్ గేట్‌కు ఆ బాధ లేదు. మీరు ఈసీ పేపర్ రాయొచ్చు, సీఎస్ రాయొచ్చు. 2021 నుంచి రెండు పేపర్లు రాసే వీలు ఇచ్చారు, కాకపోతే వాళ్ల జాబితాలో ఉన్న జోడీలే. 65 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్. మన పిల్లలు ఆ 15ను వదిలేసి మ్యాక్స్‌వెల్ ఈక్వేషన్ల మీద పడతారు. స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది. వరంగల్ ఎన్‌ఐటీలోనో కంది ఐఐటీలోనో ఎమ్‌టెక్ సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్, ఇంటికి భారం కాకుండా చదువు అయిపోతుంది, పైన ఎడమకాల్వ గారు చెప్పిన క్యాంపస్ గేటు కూడా అక్కడ తెరుచుకుంటుంది.

అంత టైమ్ లేదంటే సీడాక్ చూడండి. సీ-క్యాట్ అనే ఎంట్రన్స్, ఏడాదికి రెండు బ్యాచ్‌లు, ఆరు నెలల కోర్సు. వీఎల్‌ఎస్‌ఐకి ఒకటి, ఎంబెడెడ్‌కు ఒకటి, సాఫ్ట్‌వేర్‌కు డ్యాక్. కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ కాయితానికి విలువుంది. అలాగని ఉద్యోగం గ్యారంటీ అనుకోవద్దు.

కోయిల్‌సాగర్_పోరడు
సార్ సర్టిఫికెట్ల సంగతి ఏం చెయ్యాలె?

పిల్లలమర్రి_నీడ
మా వైపు నుంచి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. బకాయి సర్కారుది, ఇబ్బంది పిల్లలది. ప్రొవిజనల్, మార్కుల మెమోలు ముందు రాతపూర్వకంగా అడగండి, ఊరికే కౌంటర్ దగ్గర నిలబడి రావద్దు. అప్లికేషన్ మీద అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. నంబర్ పడిన కాయితానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

దేవరకొండ_ఖిల్లా
మేనమామ తరఫున నేను మాట్లాడ్త. నాది రైల్వే, సిగ్నల్ అండ్ టెలికాం జేఈ, అంటే జూనియర్ ఇంజినీర్. నేను గూడ ఈసీఈనే తమ్మీ.

మొదలు ఒక మోసం చెప్త. కోచింగోళ్లు ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) జేఈ, ఆర్‌ఆర్‌బీ (రైల్వే భర్తీ బోర్డు) జేఈ రెండు కలిపి ఒక్క బ్యాచ్ అని ఫీజు తీసుకుంటరు. ఎస్‌ఎస్‌సీ జేఈల ఎలక్ట్రానిక్స్ అసలే లేదు, సివిల్, ఎలక్ట్రికల్, మెకానికలే. నేను నాలుగు నెలలు సదివినంక తెలుసుకున్న, ఎవ్వలకు చెప్పుకోలే.

ఆర్‌ఆర్‌బీ జేఈ రెండు మెట్లు, మొదటిది 100 ప్రశ్నలు 90 నిమిషాలు, రెండోది 150 ప్రశ్నలు రెండు గంటలు, దాంట్ల వంద టెక్నికల్. బేసిక్ 35,400. మెడికల్‌ల కండ్లు గట్టిగ చూస్తరు, అద్దాలుంటే ముందే చూపించుకో.

పని ఎట్లుంటదంటే, వాన పడ్డ రాత్రే ఫోనొస్తది. ట్రాక్ సర్క్యూట్ అంటే రెండు పట్టాలకు తక్కువ ఓల్టేజ్ ఇస్తం, ఈ చివర ఇచ్చింది ఆ చివర రిలే, అంటే కరెంట్‌తోని నడిచే స్విచ్, పట్టుకోవాలె, బండి ఎక్కితే చక్రాలు రెండు పట్టాలను షార్ట్ చేస్తయ్, రిలే పడిపోతది, సిగ్నల్ ఎర్రగైతది. వానకు నీళ్లు నిలిస్తే కంకర మీదనుంచి కరెంట్ లీకై బండి లేకున్నా రిలే పడిపోతది. టార్చి పట్టుకొని బురదల మీటర్ పెట్టి చూస్కుంట పోవుడే. ఒక్కసారి రెండున్నర గంటలు బండ్లు ఆగినయ్, తీరా చూస్తే కట్టె పుల్లంత తుప్పు పట్టిన, పట్టా ముక్కలను కలిపే బాండ్ వైరు. నెట్‌వర్క్ థియరీల ఇది చదివిన, ఏం అర్థం గాలే, ఆ రోజు అర్థమైంది.

ఇంకోటి, బండ్లు గుద్దుకోకుండ ఆపే కవచ్ గురించి విన్నరు గదా. పట్టాల నడుమ స్లీపర్ల మీద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, ఇంజన్ల ఒక యూనిట్, స్టేషన్ల ఒక యూనిట్, మధ్యల రేడియో. ముందుగాల మన దక్షిణ మధ్య రైల్వేలనే 1,465 కిలోమీటర్లు వేసిండ్రు, మహబూబ్‌నగర్ మీదికెల్లి డోన్ పోయే లైన్ గూడ దాంట్లదే. మొదట తయారు చేసిన మూడు కంపెనీలు మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, మూడు హైదరాబాద్‌వే. ఇప్పుడు దేశమంతట వేస్తున్నరు. సర్కారు కొలువే కావాలె అనేటోళ్లకు ఒకటి, ప్రైవేటైనా ఎలక్ట్రానిక్స్‌లనే ఉంట అనేటోళ్లకు ఇంకోటి, రెండు తలుపులు ఒకే ఇంటికి. ఎంబెడెడ్ సి, టెస్టింగ్, సైట్ కమిషనింగ్ పని ఉంటది. సైట్ పనికి పోతనంటే పోటీ తక్కువ, అందరికి ఏసీ రూమే కావాలె.

ఇవి గాక హైదరాబాద్‌ల ఉన్న కేంద్ర సర్కారు సంస్థలు ఈసీఐఎల్, బీడీఎల్, ఎన్‌ఎఫ్‌సీలల్ల అప్రెంటిస్ పడ్తయ్, ఏడాది, స్టైపెండ్ తక్కువ, పర్మనెంట్ చెయ్యరు, కని చేతికి పని వస్తది. కరెంట్ తయారు చేసే జెన్‌కోల ఏఈ ఎలక్ట్రానిక్స్ ఉంటది. పోలీస్‌ల ఎస్‌ఐ ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ ఉంటది, ఇది మనోళ్లల్ల సగం మందికి తెల్వదు. కష్టం ఏందంటే ఎప్పుడు పడ్తయో ఎవ్వలకు తెల్వదు. అశోక్‌నగర్‌ల రూమ్ తీస్కొని కూసుంటే నోటిఫికేషన్ కోసం ఎదురుసూసుడే ఉద్యోగమైతది. నా ఫ్రెండు ఐదేండ్లు అట్లనే ఉన్నది.

జడ్చర్ల_గేజ్
చాలాసేపటి నుంచి చదువుతున్న. అందరు హైదరాబాద్ చెప్తున్నరు, పిల్లగాడి ఇంటికి గంట దూరంల ఉన్నది ఎవ్వరు చెప్తలేరు.

పోలేపల్లి సెజ్‌ల మందుల కంపెనీలున్నయ్. ఇంకా దూరం పోతనంటే చౌటుప్పల్ దిక్కు ఉన్నయ్. వాడపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీలు. దామరచర్ల కాడ యాదాద్రి థర్మల్, ఎనిమిది వందల మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. ఇన్నిట్ల ఇన్‌స్ట్రుమెంటేషన్ డిపార్ట్‌మెంట్ లేకుండ ఒక్క గంట నడవది. ఈసీఈ, ఈసీఎం, ఈఐఈ అందరిని తీసుకుంటరు. కాలేజీల దీని పేరు ఎవ్వరు ఎత్తరు, ఎందుకంటే ప్లేస్‌మెంట్ బ్యానర్ మీద ఫొటో పెట్టుకునెటంత జీతం మొదట్ల ఉండది. నేను 2016ల పదకొండు వేల ఐదు వందలకు చేరిన. దాచుకునుడు ఎందుకు.

పని ఏందంటే రియాక్టర్ల టెంపరేచర్ కొలిచే ఆర్‌టీడీ ఉంటది, పీటీ 100 అంటరు, సున్నా డిగ్రీలకాడ వంద ఓములు, నూరు డిగ్రీలకాడ 138.5. అది ట్రాన్స్‌మిటర్‌కు పోతది, ట్రాన్స్‌మిటర్ 4 నుంచి 20 మిల్లీయాంపులు పంపుతది, పీఎల్‌సీ, అంటే ప్లాంట్‌ల మిషన్లను నడిపే కంప్యూటర్, దాన్ని చదువుకొని స్టీమ్ వాల్వ్ ఎంత తెరవాలె అని చెప్తది. మొదటి రోజు మా ఇన్‌చార్జి అడిగిండు, సున్నా నుంచి ఎందుకు మొదలువెట్టలే, నాలుగెందుకు అని. బీటెక్ ఫస్ట్ క్లాస్, నోట మాట రాలే. సున్నా నుంచి పెడితే వైరు తెగినా సున్నానే, టెంపరేచర్ సున్నా అయినా సున్నానే, ఎట్ల తెలుస్తది? నాలుగు పెడితే సున్నా వచ్చిందంటే వైరు తెగినట్టు. ఇంకోటి, ఆ నాలుగు మిల్లీయాంపుల్లనే ట్రాన్స్‌మిటర్ తన తిండి తను తింటది, వేరే కరెంట్ వైరు గుంజే పని లేదు.

ఫార్మాల ఇంకో లాభమేందంటే ప్రతి క్యాలిబ్రేషన్‌కు రికార్డు ఉండాలె, ఆడిట్ ట్రయల్ ఉండాలె, అమెరికానుంచి మందులను తనిఖీ చేసే సంస్థ ఎఫ్‌డీఏ ఆడిటోళ్లు వచ్చి గేజ్ నంబర్ పట్టుకొని అడుగుతరు. అంటే ఎలక్ట్రానిక్స్ గూడ కావాలె, కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్ గూడ కావాలె. నీ బ్రాంచ్ పేరు ఏముండె తమ్మీ? ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్. ఇగ అనుకో.

నల్లగొండ_గడియారం
అన్నా గౌరవంతోనే అంటున్న, పదకొండు వేలకు షిఫ్టుల్ల తిరుగుడుకు నాలుగేండ్లు బీటెక్ ఎందుకు, ఐటీఐ సరిపోదా? ఇద్దరు చెల్లెండ్లున్న పోరనికి మొదటి మూడేండ్ల జీతమే ముఖ్యం.

జడ్చర్ల_గేజ్
నువ్వు అడిగింది తప్పు కాదు. మొదటి మూడేండ్లు నేను గూడ రోజు గదే అనుకున్న, నా క్లాస్‌మేట్లు సాఫ్ట్‌వేర్ కంపెనీలల్ల ప్రాజెక్టు లేకుండ బెంచి మీద కూసొని నాకంటె రెండింతలు తీసుకున్నరు. కని నేను ఊర్లనుంచి సెజ్ బస్సుల పోయి వచ్చిన, రూమ్ కిరాయి లేదు, మెస్సు లేదు, అమ్మ సద్ది గట్టేది. నాలుగో ఏడు పీఎల్‌సీ ప్రోగ్రామింగ్, ప్లాంటంత స్క్రీన్ మీద చూపే స్కాడా నా చేతికిచ్చిండ్రు, ఆడికెల్లి లెక్క మారింది. ఇప్పుడు నీకంటె తక్కువనే ఉండొచ్చు, దానికేం బాధ లేదు. ఐటీఐ పోరలు నాకంటె మంచిగ వైర్లు ఇప్పుతరు, వాళ్లకాడనే నేర్చుకున్న, కంట్రోల్ లూప్‌ల రీడింగ్ ఎందుకు ఊగుతుందో లెక్క కట్టి చెప్పుడు దగ్గర బీటెక్ పనికొచ్చింది. షిఫ్టుల సంగతైతే నిజమే, నైట్ షిఫ్టుకు కడుపు ఖరాబైతది, అది దాచను.

నల్లగొండ_గడియారం
సరే, బస్సు, సద్ది లెక్క నేను కట్టలే. ఒప్పుకుంట. హైదరాబాద్‌ల నా మొదటి జీతంల సగం రూముకు, మెస్సుకే పోయేది.

కల్వకుర్తి_కాకా
మా బిడ్డ ఈసీఈ మూడో ఏడు చదువుతున్నది. అమెరికాల ఎమ్మెస్ చేస్తనంటది. కన్సల్టెన్సీ ఆయన ఇల్లు, రెండెకరాలు తనఖా పెడితే లోన్ ఇప్పిస్తనంటున్నడు. ఇంత మంది ఇంజినీర్లు ఉన్నరు గదా, మీ చెల్లె అయితే పంపుతరా? చదువుకున్నోళ్లు జర కోపం చెయ్యకుండ చెప్పుండ్రి.

సాగర్_ఎడమకాల్వ
కాకా, నా సొంత చెల్లెకు నేను చెప్పిందే మీకు చెప్త. బిడ్డ మంచిగ చదివేదైతే ఎమ్మెస్ చెడ్డది కాదు, మా ఆఫీసుల మంచి డిజైనర్లల్ల అట్ల చదివొచ్చినోళ్లు ఉన్నరు. కని పోయి సంపాదించి లోన్ కడ్తం అనే లెక్క పాత లెక్క. 2025 సెప్టెంబర్ల అమెరికా బయట ఉన్నోళ్ల కోసం వేసే కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టిండ్రు. ఆ రూల్ రేపు ఉంటదా మారుతదా ఎవ్వలు చెప్పలేరు, చెప్పలేని దాని మీద భూమి పెట్టుడే నాకు భయం. ఆమె చేతిల ఇంకా ఏడాది ఉన్నది. గేట్ ఒక్కసారి రాయమనుండ్రి, వరంగల్‌ల సీటొస్తే భూమి జోలికి పోయే పనే లేదు. రాకపోతే అప్పుడు అమెరికా మాట. ఇగ కన్సల్టెన్సీ ఆయనకు సీటు ఇప్పిస్తే కమీషన్ వస్తది, ఆయన పంపొద్దని ఎందుకంటడు?

దేవరకొండ_ఖిల్లా
కాకా, ఆడివిల్లలకు ఫీల్డ్ పని కష్టమని ఎవరన్న అంటే నా దగ్గరికి పంపుండ్రి. బిడ్డతోని నేను మాట్లాడ్త, ఇక్కడ మెసేజ్ పెట్టమనుండ్రి.

కల్వకుర్తి_కాకా
సల్లగుండు బిడ్డా. చూపిస్త ఆమెకు.

కోయిల్‌సాగర్_పోరడు
అందరు ఇంత ఓపికగ రాసిండ్రు, రాత్రి మా నాయినకు గూడ చదివి వినిపించిన. సద్ది గట్టే మాట కాడ మా అమ్మ నవ్వింది. ఫిఫో రాసిన అన్నా, నాలుగు బిట్లతోని, నడిచింది, కని రాత్రి రెండుదాక కాదు పదిన్నరకే నిద్రొచ్చింది, నిజం చెప్తున్న.

ఇంకోటి అడుగుత. మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు బోరు మోటర్‌ను ఫోన్‌తోని ఆన్ చేసుడు. ఆర్డునో బోర్డు, సిమ్800ఎల్ అనే సిమ్ మాడ్యూల్, రిలే, అన్ని కోఠీ గుజరాతీ గల్లీల కొన్నం. రివ్యూ రోజు ల్యాబ్‌ల బల్బు మంచిగ ఎలిగింది. బాయికాడ పెడితే కాల్ కొట్టంగనే మాడ్యూల్ బందై మల్ల లేస్తది, ఒక్కొక్కసారి మోటర్ ఆన్ అయ్యేటప్పుడు బోర్డే రీసెట్ అయితది. జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. ఏడాదిగా డబ్బాలనే ఉన్నది. ఇది ఇంటర్వ్యూల చెప్పుకునే ప్రాజెక్టేనా?

జడ్చర్ల_గేజ్
చెప్పుకునే ప్రాజెక్టు అదే! నడిచినదాని గురించి ఎవ్వడు అడగడు, నడవంది ఎందుకు నడవలేదో చెప్తే కుర్చీ ముందుకు జరుపుకుంటరు.

సిమ్800 టూజీ మాడ్యూల్, జియోకు టూజీ లేదు, ఎయిర్‌టెల్ వేయి. అది కాల్ మాట్లాడేటప్పుడు చిన్న చిన్న దెబ్బలెక్క రెండు యాంపుల దాక గుంజుతది. నువ్వు ఆర్డునో పిన్నునుంచి సన్న వైరుతోని ఇచ్చినవ్ అనుకుంట. ఓల్టేజ్ కుంగిపోతది, మాడ్యూల్ సచ్చి లేస్తది. ఓల్టేజ్ తగ్గించే బక్ కన్వర్టర్ వేరేది పెట్టి నాలుగు ఓల్టులకు సెట్ చెయ్, మాడ్యూల్ కాళ్లకు ఆనించి 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు, వైర్లు పొట్టిగ, లావుగ ఉండాలె. మోటర్ ఆన్ అయినప్పుడు రీసెట్ అయ్యేది స్టార్టర్ల మోటర్‌కు కరెంట్ కలిపే కాంటాక్టర్ కాయిల్ కొట్టే నాయిస్, కాయిల్‌కు అడ్డంగ ఆ నాయిస్‌ను మింగే ఆర్‌సీ స్నబ్బర్ వేయి, బోర్డును స్టార్టర్ డబ్బాలనుంచి బయటకు తియ్యి.

సాగర్_ఎడమకాల్వ
పదిన్నరకే నిద్రొచ్చిందంటే వీఎల్‌ఎస్‌ఐ ఫీజు ఇప్పుడే కట్టకు. ఈ మోటర్ సంగతి రాసేటప్పుడు మాత్రం నువ్వు మంచిగనే మేల్కొని ఉన్నట్టున్నవ్. ఎంబెడెడ్, ఆటోమేషన్ దిక్కు చూడు. దివిటిపల్లిల అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీ కాడ గూడ పని ఇదే తీరు, సెల్ ఓల్టేజీలు కొలుచుడు, క్యాన్ బస్ అనే డేటా వైర్ల మీద పంపుడు.

కోయిల్‌సాగర్_పోరడు
అయిదు వారాలైంది, మధ్యల రాయలేకపోయిన. చెప్పేటియి మూడున్నయ్.

ఇన్‌వర్డ్ నంబర్ వేయించినంక పన్నెండో రోజు ప్రొవిజనల్, మెమోలు ఇచ్చిండ్రు, ఒరిజినల్ టీసీ ఇంకా వాళ్లకాడనే ఉన్నది. పిల్లలమర్రి సార్‌కు దండాలు.

జడ్చర్ల దిక్కు ఒక ప్లాంట్‌ల ఇన్‌స్ట్రుమెంటేషన్ ట్రైనీ ఇంటర్వ్యూకు పోయిన. 4 నుంచి 20 అడగలేదు, ఇంకోటి అడిగిండ్రు, రేంజ్ 0 నుంచి 150 డిగ్రీలు, లూప్‌ల 16 మిల్లీయాంపులు చూపిస్తున్నది, టెంపరేచర్ ఎంత అని. నాలుగు తీసేస్తే పన్నెండు, పదహారుల పన్నెండు అంటే ముప్పావు, 112.5 అని చెప్పిన. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మోటర్ సంగతే. కెపాసిటర్ పెట్టకముందు పెట్టినంక మీటర్‌ల ఎంత కనవడ్డది అని అడిగిండ్రు, మామూలు మీటర్‌ల ఆ దెబ్బ దొరకలేదు, బోర్డు సచ్చుడు ఆగితే గుర్తువట్టిన అని ఉన్నదున్నట్టు చెప్పిన, ఆసిలోస్కోప్ ఉంటే దొరికేది అన్నడాయన. తీసుకున్నరు. పద్దెనిమిది వేలు, వచ్చే నెల ఒకటో తారీకునుంచి. గేట్ ఫామ్ గూడ నింపుత, ఈసారి ఆ 15 మార్కులనుంచే మొదలువెడ్త.

మూడోది, ఎయిర్‌టెల్ సిమ్‌తోని స్టార్టర్ నెలరోజులుగా నడుస్తున్నది. మా నాయిన దేవరకద్ర అంగడిల నిలబడి ఫోన్ చేసి మోటర్ ఆన్ చేసి, మల్ల అమ్మకు ఫోన్ చేసి నీళ్లొస్తున్నయా చూడు పో అంటడు. ఇప్పుడు మా ఊర్ల ముగ్గురు మాకు గూడ చేసియ్యమంటున్నరు. ఒక్కదానికి ఎంత తీసుకోవాలె అన్నా?

అచ్చంపేట_అడవి
మొదటి రోజే జెప్పిన, షాపు పెట్టుమని.

జడ్చర్ల_గేజ్
సామాన్ల ఖర్చు మీద వెయ్యి వేస్కో, ఊరోళ్లే గదా. డ్రై రన్ ప్రొటెక్షన్ పెట్టకుండ మాత్రం ఇయ్యకు, బోరుల నీళ్లు అడుగంటితే మోటర్ కాలుతది, మోటర్ కాలితే నీ ఇంటిమీదికొస్తరు. కరెంట్ తక్కువ గుంజితే బందయ్యేటట్టు కరెంట్ కొలిచే సీటీ ఒకటి పెట్టు. ఇంకోటి, స్టార్టర్ డబ్బాల చెయ్యి పెట్టేముందు మూడు ఫ్యూజులు పీకి జేబుల ఏసుకో. పక్కన పెట్టకు, జేబుల ఏసుకో. ఎవడన్న చూడక మల్ల పెడ్తడు. జాయినయ్యే రోజు సెజ్ బస్సు జడ్చర్ల క్రాస్ రోడ్డు కాడ ఎక్కు, ఎన్నింటికో మెసేజ్ పెడ్త.